మా ఫీజు ఎవరు కట్టారు?

ముస్లింలకు చదువు మీద ధ్యాస లేదన్న మాట మేము చిన్నప్పటి నుంచీ వింటున్నాం. స్టాఫ్‌రూముల్లో విన్నాం, పత్రికాఫీసుల్లో విన్నాం, మా మేలు కోరే సెక్యులర్ మిత్రుల నోటా విన్నాం. 'పదో తరగతి దాటకముందే పిల్లాణ్ని మెకానిక్ షెడ్డులో పెడతారు, ఆడపిల్లకు నిఖా చేసేస్తారు, మిగిలినవాణ్ని మదరసాలో పడేస్తారు' అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అలా తేల్చేవాళ్ల లెక్కలో ఒక అంకె ఎప్పుడూ ఉండదు. అది చదువు ఖరీదు. కాలేజీ గడప తొక్కడానికి ఏ కాలంలో ఎంత ఖర్చయింది, ఆ ఖర్చు ఎవరు భరించారు, భరించినందుకు బదులుగా ఏం అడిగారు? ఈ ప్రశ్నలు వేసుకోకుండా ఒక సమాజానికి చదువు మీద ప్రేమ ఉందో లేదో ఎలా చెబుతాం?

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక కొన్ని అపోహలను అంకెలతో పక్కకు నెట్టింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలకు వెళ్లేవాళ్లు సుమారు 3 శాతమేనని చెప్పింది. ఇరవై ఏళ్లు పైబడిన దేశ జనాభాలో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉన్నవాళ్లు దాదాపు 7 శాతం కాగా, ముస్లింలలో 4 శాతం కన్నా తక్కువేనని కూడా చెప్పింది. అంటే మా పిల్లలు మదరసాల్లోనూ లేరు, కాలేజీల్లోనూ లేరు. మధ్యలో ఎక్కడో రాలిపోయారు. ఎక్కడ రాలిపోయారో వెతికితే ప్రతిచోటా ఏదో ఒక ఖర్చు అడ్డంగా నిలబడి కనిపిస్తుంది.

ఖర్చు అంటే ఫీజు ఒక్కటే కాదు. ఉండటానికి గది, తినడానికి తిండి, పుస్తకాలు, బస్సు కిరాయి ఉన్నాయి. ఇంట్లో మాట్లాడని భాషలో చదవాల్సి రావడం ఒక ఖర్చు. చదువుకుంటున్న కుర్రాడు తండ్రి దుకాణంలో ఉండి ఉంటే తెచ్చే రోజుకూలీ పోవడం మరో ఖర్చు. వీటిని తగ్గించుకోవడానికి నూటయాభై ఏళ్లుగా మావాళ్లు చాలా దారులు తొక్కారు. ఆ దారుల్లో ఏది ఎంతదూరం తీసుకుపోయిందన్నదే మా చరిత్రలో ముఖ్యమైన విషయం.

రొట్టె ఒకటే, దారులు వేరు

తెలుగు పాఠకులకు వారాలబ్బాయి కొత్త కాదు. వారంలో ఏడు రోజులూ ఏడు ఇళ్లలో భోంచేసి, ఎవరి అరుగు మీదో పడుకుని, వీధి దీపం కింద చదివి పైకొచ్చిన బ్రాహ్మణ కుర్రాళ్ల కథలు కోస్తాలో కొల్లలు. సరిగ్గా అలాగే మసీదు పక్క గదిలో ఉంటూ, మొహల్లాలోని ఇళ్ల నుంచి రొట్టె, సాలన్ తెచ్చుకుని చదువుకున్న కుర్రాళ్లు మాకూ ఉన్నారు. వాళ్లను తాలిబ్ అనేవాళ్లు. అరబ్బీలో ఆ మాటకు అర్థం కోరేవాడు. చదువును కోరేవాడు తాలిబె ఇల్మ్, అంటే విద్యార్థి. ఇవాళ ఆ మాట వింటే జనం ఉలిక్కిపడుతున్నారు గానీ, మా ఇళ్లలో అది బియ్యం డబ్బాలోంచి ఒక గుప్పెడు పక్కన పెట్టించిన మాట.

వారాలబ్బాయి కథ పట్టుదలకు పాఠమైంది. తాలిబ్ కథ వెనకబాటుకు సాక్ష్యమైంది. ఇద్దరూ తిన్నది పరుల ఇంటి కూడే. తేడా ఎక్కడొచ్చింది? వారాల భోజనం ఇంగ్లీషు కాలేజీకి, అక్కణ్నుంచి సర్కారు కొలువుకు దారితీసింది. తాలిబ్‌కు దొరికిన రొట్టె చాలావరకు ఇమామత్ దగ్గర, అరబ్బీ పాఠం దగ్గర ఆగిపోయింది. కారణం తిండిపెట్టిన చేతిలో లేదు, ఆ తిండి తిన్నవాడికి తెరుచుకున్న తలుపులో ఉంది.

1866లో మొదలైన దేవ్‌బంద్ మదరసా ఈ పద్ధతిని ఒక వ్యవస్థగా మార్చింది. నవాబుల జాగీర్ల మీద కాకుండా మామూలు జనం చందాల మీద నడవాలన్నది దాని స్థాపకుల నియమం. పేద పిల్లవాడికి చదువు, తిండి, పడక ఉచితం. దేశమంతటా మదరసాలు ఆ నమూనాను అనుసరించాయి. బక్రీదు నాడు ఇంటింటికీ తిరిగి ఖుర్బానీ చర్మాలు అడిగే కుర్రాళ్లను చూసి నవ్వుకునేవాళ్లున్నారు. ఆ చర్మం అమ్మితే వచ్చేది హాస్టల్ బియ్యం, పప్పు, కరెంటు బిల్లు. దశాబ్దకాలంగా చర్మాల ధరలు పడిపోయి ఆ ఆదాయం కూడా చిక్కిపోయింది. మదరసాకు పిల్లాణ్ని పంపిన తండ్రిని మతమౌఢ్యం కింద జమకట్టే ముందు, ఆ ఊళ్లో పూట భోజనంతో సహా ఉచితంగా దొరికిన చదువు ఇంకేదైనా ఉందా అని ఎవరైనా అడిగారా?

ఫర్జ్ అన్న మాట

1875లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో పెట్టిన విద్యాలయం రెండో దారి. అది మొదట షరీఫ్ ఖాందాన్ల పిల్లల కోసం పెట్టిన సంస్థ. ఇంగ్లీషు చదువు, హాస్టల్ జీవితం, క్రికెట్టు, అన్నీ డబ్బున్నవాళ్ల హంగులే. అయితే 1890 ప్రాంతంలో అక్కడి విద్యార్థులే పేద తోటివాళ్ల కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. ఉర్దూలో అంజుమన్-అల్-ఫర్జ్, ఇంగ్లీషులో డ్యూటీ సొసైటీ. సెలవుల్లో ఊళ్లు తిరిగి చందాలు పోగుచేశారు. ఆ పేరు గమనించండి. ఖైరాత్ అనలేదు, సదఖా అనలేదు, ఫర్జ్ అన్నారు. నమాజులాగే తప్పించుకోవడానికి వీల్లేనిది అని.

అలీగఢ్‌కూ హైదరాబాదుకూ దగ్గర సంబంధమే ఉంది. దాదాపు రెండు దశాబ్దాలు నిజాం కొలువులో పనిచేసిన మొహ్‌సినుల్ ముల్క్, ఆ తర్వాత అలీగఢ్ కాలేజీకి కార్యదర్శి అయ్యారు. నిజాం సర్కారు ఆ కాలేజీకి గ్రాంటు ఇచ్చింది. కానీ ఫర్జ్ అన్న భావన మాత్రం హైదరాబాదులో అంతగా వేళ్లూనలేదు. ఇక్కడ నడిచింది వజీఫా.

వజీఫా అంటే సర్కారు కటాక్షం. దానికి మంచి గుణాలు లేవని మేము అనం. 1895లో పదహారేళ్ల సరోజినీ చటోపాధ్యాయ ఇంగ్లండుకు చదువుకు వెళ్లింది ఆరో నిజాం వజీఫా మీదే. తర్వాత ఆమే సరోజినీ నాయుడు. ఆ వజీఫా మతం చూడలేదు. కానీ దర్బారుకు దగ్గరగా ఉన్న ఇల్లును చూసింది. ఆమె తండ్రి అఘోరనాథ్ రాజ్యంలో పేరున్న విద్యావేత్త. ఊళ్లో దూదేకే నూర్‌బాషా కూతురికో, మాంసం కొట్టే ఖురేషీ కొడుక్కో ఆ దర్బారు గడప ఎక్కడుందో కూడా తెలియదు. వాళ్ల రాజు ముస్లిమే, అయినా వాళ్లకు వజీఫా అందలేదు. రాజు ముస్లిం కాబట్టి ముస్లింలంతా బాగుపడ్డారని ఇప్పటికీ అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

భాష కూడా ఫీజే

1918లో ఏర్పడి 1919లో పాఠాలు మొదలుపెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక పెద్ద ఖర్చును కొట్టేసింది. అది పరాయి భాష ఖర్చు. 1917లోనే దారుల్ తర్జుమా పేరుతో అనువాద శాఖ పెట్టి, మౌల్వీ అబ్దుల్ హక్ నడపగా, చరిత్ర, తర్కం, గణితం, భౌతికశాస్త్రం, న్యాయం, వైద్యం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. శాస్త్రానికి కావలసిన వేలాది మాటలను కూర్చుని తయారుచేశారు. ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా తప్పనిసరి, మిగతా చదువంతా ఉర్దూలో. భారతీయ భాషలో ఆధునిక విశ్వవిద్యాలయం నడపవచ్చని చూపించిన పని ఇది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మధ్యతరగతి కుర్రాడికి కాన్వెంటు ఖర్చు లేకుండా డాక్టరీ దాకా దారి దొరికింది.

అయితే ఈ గర్వంలో మేము చెప్పుకోవలసిన రెండో సగం ఉంది. నిజాం రాజ్యంలో ఉర్దూ మాతృభాష అయినవాళ్లు పదిమందిలో ఒకరు, కాస్త అటూ ఇటూ. సగానికి దగ్గరగా జనం తెలుగువాళ్లు. మాకు తగ్గిన భాషా ఖర్చు వాళ్ల నెత్తిన పడింది. మరాఠీ, కన్నడ పిల్లల నెత్తినా పడింది. ఊళ్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలకూ అది పూర్తిగా తగ్గలేదు. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి తెలుగువాళ్లు తమ దారులు తాము వేసుకున్నారు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు. 1918లో వెంకట్రామరెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డి దాని బాధ్యతలు చూశారు. 1928లో మాడపాటి హనుమంతరావు ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టారు. పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి హైదరాబాదులో తలదాచుకునే చోటు దొరికితే సగం చదువు అయినట్టే. ఆ సంగతి వాళ్లు మాకన్నా ముందు గ్రహించారు.

అన్నం పెట్టే చెయ్యి ఏం అడుగుతుందో 1938లో తేలిపోయింది. ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడిన విద్యార్థులను వెళ్లగొట్టారు. వందలమంది చదువు ఆగింది. వాళ్లను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకరు. ఆ పాట మీద ముస్లింలకున్న అభ్యంతరం వేరే చర్చ, దాన్ని మేము దాచుకోం. కానీ పాఠం మాత్రం అందరికీ ఒకటే. దయగా ఇచ్చిన గదిని ఇచ్చినవాడు ఒక్క రాత్రిలో ఖాళీ చేయించగలడు.

పదేళ్లు తిరక్కుండానే ఆ పాఠం మా ఇంటికే వచ్చింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాతి హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్ల రద్దు న్యాయమే, కానీ వాటి మీద ఆధారపడిన గుమాస్తాలు, సిపాయిలు, మున్షీలు కూడా వీధిన పడ్డారు. సర్కారు కొలువుల్లోంచి చాలామంది పోయారు. ఫీజు కట్టే తండ్రే లేకుండా పోయిన ఇళ్లు ఎన్నో. అదే సమయంలో ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో బీజగణితం నేర్చుకున్న కుర్రాడు క్లాసులో తలొంచుకు కూర్చున్నాడు. రాజు ఇచ్చిన వజీఫా రాజుతోనే పోయింది, రాజు ఇచ్చిన భాషా రాజుతోనే పోయింది. ఆ తర్వాత తరం మెకానిక్ షెడ్లలో ఎందుకు తేలిందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

పగలు పని, రాత్రి పుస్తకం

ఆ తర్వాతి నాలుగు దశాబ్దాల్లో మావాళ్లను నిలబెట్టింది చిన్నచిన్న ఉపాయాలు. ఇంటి దగ్గరే కాలేజీ ఉండటం వాటిలో ఒకటి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పూనికతో 1947లో పెట్టిన ఉస్మానియా కాలేజీ (ఈయన దారుల్ తర్జుమా అబ్దుల్ హక్ కాదు, వేరే ఆయన) సీమ పిల్లలకు మద్రాసు కిరాయి తప్పించింది. అందులో ముస్లింలూ చదివారు, ముస్లిమేతరులూ చదివారు.

హైదరాబాదులో రాత్రి కాలేజీలు ఉండేవి. పగలు దుకాణంలోనో, ప్రెస్సులోనో పనిచేసి సాయంత్రం బీఏ చదివినవాళ్లు మా పత్రికారంగంలోనే బోలెడుమంది. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు కొని, పరీక్షలయ్యాక మళ్లీ అక్కడే అమ్మేవాళ్లు. ఒక పుస్తకం ముగ్గురు కొనుక్కుని మూడు మొహల్లాలు తిప్పేవాళ్లు. ఇరుకు గదిలో ఏడుగురున్న ఇంటి పిల్లలకు అఫ్జల్‌గంజ్ లైబ్రరీయే చదువుగది. 1891లో ఆసఫియా కుతుబ్‌ఖానాగా మొదలై, 1936లో మూసీ ఒడ్డున సొంత భవనంలోకి వచ్చిన ఆ గ్రంథాలయం ఎంతమంది గది కిరాయి మిగిల్చిందో ఎవరూ లెక్కకట్టలేదు. వజీఫాలు పుచ్చుకున్నవాళ్లు కొద్దిమంది. ఆ బల్లల ముందు కూర్చున్నవాళ్లు అనేకమంది. అక్కడ ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో ఉంది. బడి మెట్లెక్కని వాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. పని మానకుండా చదవడం అంటే రోజుకూలీ పోకుండా చదవడం. అన్నిటికన్నా పెద్ద ఖర్చు అదే. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చి దూరవిద్యను ఉర్దూలో ఇచ్చింది. యాభై ఏళ్ల కింద పోయిన భాషా సౌకర్యంలో కొంత తిరిగొచ్చింది. ఇంట్లోంచి బయటకు పంపడానికి జంకే తల్లిదండ్రుల ఆడపిల్లలకు ఇది గట్టి ఆసరా అయింది. ఆడపిల్లకు కాలేజీ ఖర్చు ఎప్పుడూ రెండింతలే. తోడు మనిషి, నమ్మకమైన బస్సు, చీకటి పడకముందు ఇంటికి చేరడం, వీటన్నిటికీ ధర ఉంది. 2022లో కర్ణాటక ప్రభుత్వ కాలేజీల్లో హిజాబ్ వద్దన్నప్పుడు ఆ ధర ఇంకాస్త పెరిగింది. సర్కారు కాలేజీ వదిలి ప్రైవేటు కాలేజీ వెతుక్కోవలసిన పిల్ల ఫీజు ఎవరు కట్టాలి?

ఈ ఉపాయాలకు ఒక హద్దు ఉంది. తక్కువ ఖర్చుతో వచ్చిన డిగ్రీకి ఇంటర్వ్యూలో తక్కువ విలువే కడతారు. పేదవాడు తన కష్టంతో ఖర్చు తగ్గించుకుంటే, బజారు అతని పట్టా ధరను తగ్గిస్తుంది. ఇక్కడే రాజ్యం రావలసి ఉంది.

హక్కుగా వచ్చినది

1990ల్లో ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీలు వ్యాపారమయ్యాయి. 1993లో ఉన్నికృష్ణన్ తీర్పు సీట్లను ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లుగా పంచింది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో ఆ పథకాన్ని పక్కకు పెట్టారు. ఈ మధ్యకాలంలో రాజ్యాంగం 30వ అధికరణం నీడలో మైనారిటీ కాలేజీలు చాలా లేచాయి. వాటిలో మంచివి ఉన్నాయి. కానీ మైనారిటీ బోర్డు కింద మైనారిటీ పిల్లాడి దగ్గరే డొనేషన్ గుంజినవీ ఉన్నాయి. మావాడి కాలేజీ కాబట్టి నోరెత్తకూడదంటే మేము ఒప్పుకోం. 30వ అధికరణం సమాజానికి ఇచ్చిన రక్షణ, మేనేజిమెంటుకు ఇచ్చిన జాగీరు కాదు.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. కోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ తెచ్చింది, మళ్లీ కొట్టేసింది. 2007లో వెనకబడిన ముస్లిం సమూహాలను పేరుపేరునా గుర్తించి, సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారిని మినహాయించి, బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చింది. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. ముస్లింలంతా ఒకటే ముద్ద అన్న భ్రమను ఈ చట్టం బద్దలు కొట్టింది. దూదేకులవాళ్లు అంతకుముందే బీసీ-బిలో ఉన్నారు. ఇప్పుడు హజాం, ధోబీ, ఫకీర్, ఖురేషీ, అత్తరు సాయిబు, అచ్చుకట్లవాళ్లు కాలేజీ అప్లికేషన్ మీద తమ పేరు తాము రాసుకున్నారు.

సీటు వచ్చినంతమాత్రాన ఫీజు రాదు. ఆ లోటును 2008-09లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు పూరించింది. ఆ రెండూ కలిసిన చోటే అసలు మార్పు వచ్చింది. వెల్డింగు చేసే తండ్రి ఇంట్లో, పంక్చర్లు వేసే తండ్రి ఇంట్లో మొదటి ఇంజనీరు పుట్టాడు. ఎవరి గడప తొక్కకుండా, ఎవరి చెయ్యీ ముద్దుపెట్టుకోకుండా, ఆదాయం సర్టిఫికెట్ చూపించి తీసుకున్న చదువు అది. తెలంగాణలో 2016 నుంచి వచ్చిన మైనారిటీ గురుకులాలు బోర్డింగుతో సహా చదువు ఇచ్చి ఇంకో అడుగు వేశాయి. తాలిబ్‌కు దొరికిన రొట్టె, పడక మళ్లీ దొరికాయి. ఈసారి ఆ దారి కాలేజీ వైపు తిరిగింది.

అయితే హక్కుగా వచ్చినది కూడా నెమ్మదిగా దయగా మారిపోతుంది. ఇంజనీరింగ్‌లో ర్యాంకును బట్టి 35 వేల పరిమితి పెట్టారు. మిగతాది తండ్రి అప్పు. బకాయిలు ఏళ్లకేళ్లు పేరుకుపోయాయి. సర్కారు చెల్లించలేదని కాలేజీ పిల్లాడి ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటే, ఉద్యోగం వచ్చినా చేరలేని కుర్రాడు ఎవరిని అడగాలి? కేంద్రంలో 2022లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఆపేశారు. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను, విదేశీ చదువుల అప్పు మీద వడ్డీ రాయితీని అదే ఏడు నిలిపేశారు. ఇతర పథకాలతో కలగాపులగమవుతోందన్నది ఫెలోషిప్‌కు ప్రభుత్వం చెప్పిన కారణం. 1989లో పుట్టిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసేయమని 2024లో ఉత్తర్వు వచ్చింది. మొదటి విద్యామంత్రి పేరు మీదున్న రెండు సహాయాలు అలా ముగిశాయి.

ఇప్పుడు మా పిల్లలకు మేము చెప్పేది మూడు మాటలు. మొదటిది, ఖర్చు తగ్గించుకునే పాత ఉపాయాలను చిన్నచూపు చూడొద్దు. లైబ్రరీ, పాత పుస్తకం, ఇంటి దగ్గర సర్కారు కాలేజీ, దూరవిద్య, వీటితోనే రెండు తరాలు నిలబడ్డాయి. రెండోది, రావలసిన స్కాలర్‌షిప్‌కు సిగ్గుపడొద్దు. ఆదాయం, కులం సర్టిఫికెట్లు అడ్మిషన్ల నెలలో కాదు, ముందే తీసి పెట్టుకోవాలి. గడువు దాటిపోయిన అప్లికేషనూ ఒక ఖర్చే. మూడోది మా పెద్దలకు. జకాత్‌లో పేద విద్యార్థికి వాటా ఉందని మన ఉలమాలు చాలామంది ఒప్పుకుంటారు. అయినా మన చెయ్యి రంజాన్ చీరెల దగ్గర, రేషన్ సంచుల దగ్గర ఆగిపోతోంది. ఒక మొహల్లా జకాత్ ఒకచోట చేరితే ఆ మొహల్లా పిల్లల్లో ఒక్కరి చదువైనా ఆగకుండా చూడవచ్చు. దాన్ని ఖైరాత్ అనొద్దు. అలీగఢ్ కుర్రాళ్లు పెట్టుకున్న పేరు ఉంది కదా, ఫర్జ్.

కానీ జకాత్ ఉంది కదా అని రాజ్యాన్ని వదిలేయమని మేము అనడం లేదు. మా సమాజంలో ఫర్జ్ మాది, రాజ్యం దగ్గర హక్కు మాది. మా ఫీజు నిజంగా ఎవరు కట్టారని వెనక్కి తిరిగి చూస్తే, నవాబు పేరు అప్పుడప్పుడూ కనిపిస్తుంది. ఎక్కువగా కనిపించేది గుప్పెడు బియ్యం పక్కన పెట్టిన తల్లి, ఖుర్బానీ చర్మం ఇచ్చిన ఇల్లు, ఓవర్‌టైం చేసిన అన్న, చదువు మానేసి తమ్ముణ్ని చదివించిన అక్క. పన్ను కట్టేది కూడా వాళ్లే. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా సర్కారుకు వాళ్ల వాటా పోతూనే ఉంది. వాళ్లు ముందే కట్టేసిన ఫీజుకు ఇప్పుడు రసీదు అడుగుతున్నాం.